ఇంజనుకు కాపడం

నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని మానుకోటలో అందరికీ తెలుసు. మిగతా సగం కూడా అంతేనని మా పక్క దుకాణం లేత్ మేస్త్రీ అంటాడు. అతను నాకు చుట్టం కాడు గానీ, ఇరవై ఏళ్ళు ఒకరినొకరు వెక్కిరించుకోవడానికి "బావ" అనే వరస బాగా పనికొచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నిజం. రుజువు కావాలంటే, నా అబద్ధాలన్నింటిలో నేను గొప్పవాణ్ణి. ఇందులో కాను.

మోకాళ్ళు మొరాయించాక దుకాణం మూసేసి ఇప్పుడు జనగామలో ఉంటున్నాను. కొత్తగా పానా పట్టినవాళ్ళు అప్పుడప్పుడు ఫోను చేస్తుంటారు. "కాకా, గీ ఇంజను చల్లగున్నప్పుడు మంచిగనే లేస్తది, వేడెక్కంగనే బందయితుంది. ఏం చెయ్యాలె?" అని అడుగుతారు. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెప్పను. ముందు ఈ కథ వినిపిస్తాను. సగం మంది ఫోను పెట్టేస్తారు. మిగిలినవాళ్ళ మీద నాకు ఆశ ఉంది.

మానుకోటలో రైలు గేటు అవతల నా దుకాణం. మిర్చి తోటలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు బాగుచేయడం నా పని. చిన్న ఇంజను ఏదైనా నా చెవికి లొంగేది. ఒక రైతు స్ప్రేయర్‌ను ఎంత చక్కగా ట్యూన్ చేశానంటే, వీపుకు తగిలించుకుని తాడు లాగగానే ఆయన చేను మీంచి లేచి, పోయి పోయి బయ్యారం గుట్ట మీద దిగాడు. అక్కడి రాళ్ళలో ఇనుముంది కదా, స్ప్రేయర్ రాయికి అతుక్కుపోయింది. మనిషిని విడదీయడానికి మళ్ళీ నన్నే పిలిచారు. (ఇది మొదటి సగంలోది.)

పని నేర్చుకున్నది జనగామలో, ఒక స్కూటర్ మెకానిక్ దగ్గర. మా ఉస్తాద్‌కు మాటలు తక్కువ, మొట్టికాయలు ఎక్కువ. ఆయన నాకిచ్చిన సూత్రం ఒకటే. "బిగుసుకున్నదంటే దానికి రోగమున్నట్టే. అరగదియ్యి, వదులు చెయ్యి." స్కూటర్ల కాలంలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు. ఎన్నడూ తప్పని ఆ మాటను నమ్ముకుని నేనొక మనిషి చేతిని ఇంచుమించు పోగొట్టాను.

ఎండలు ముదురుతున్న రోజులవి. మిర్చి కోతలైపోయి స్ప్రేయర్లన్నీ ఇళ్ళల్లో మూలకు చేరాయి, నాకు ఈగలు తోలుకోవడమే పని. ఒక పొద్దున ఆటో ఆగింది. అందులోంచి ఒకమ్మాయి దిగింది, మా ఊరి దవాఖానలో స్టాఫ్ నర్సు. చంకలో పెద్ద అట్టపెట్టె. ఆమె వెనక వాళ్ళ నాన్న దిగాడు. మనిషి తలుపంత ఉన్నాడు. కుడి చెయ్యి మాత్రం మడుచుకుపోయి ఛాతీకి ఆనుకుని ఉంది. పిడికిలి గట్టిగా మూసుకుని ఉంది, అందులో ఎవరిదో రహస్యం దాచినట్టు.

"కాకా, చిన్న ఇంజన్లు మంచిగ చేస్తవట. జర గిది చూడవా?" అంది.

పెట్టె విప్పితే కారు. మోచేతంత పొడుగు, గరుకు టైర్లు, లోపలంతా మెరిసే అల్యూమినియం.

"బొమ్మనా బిడ్డా? బ్యాటరీలు మార్చు, అదే ఉరుకుతది."

పెద్దాయన నన్నొక చూపు చూశాడు. అంతకు ముందు మా ఉస్తాద్ ఒక్కడే నన్నట్లా చూశాడు.

"బ్యాటరీది గాదు కాకా. నిజం ఇంజను. దీని ఆయిల్ వేరేనే ఉంటది, పోస్తే పొగ ఇడుస్తది. కొత్తది, ఒక్కసారి సుత నడవలే. తాడు గుంజితే కదుల్తలేదు."

ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, సంగతంతా నిలబడే చెప్పింది. వాళ్ళది కాటారం దిక్కు. నాన్న భూపాలపల్లి బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్. వంద టన్నుల బండి, దాని టైరు పక్కన నిలబడితే మనిషి బుడ్డోడిలా కనిపిస్తాడు. నాలుగు నెలల కింద డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దయింది. కాలు కొంచెం తేరుకుంది. చెయ్యి మాత్రం విచ్చుకోలేదు.

"డాక్టరేమో, మొదటి నెలలల్ల ఎంత తిరిగొస్తే అంతే, ఆలస్యమైతే కష్టమంటడు. వత్తమని రబ్బరు బంతి ఇచ్చిండ్రు. కిటికీలకెళ్ళి ఇసిరేసిండు. మూడోసారి కుక్క నోట్ల వెట్టుకోని పోయింది. ఏం గావాలె బాపూ అంటే స్టీరింగంటడు. నేను యాడికెళ్ళి తేవాలె కాకా స్టీరింగు?"

తెచ్చింది మరి. కారుతో పాటు ఉన్న రిమోటు చూపించింది. తుపాకీ పిడిలాంటిది. ఎడమ చేత్తో పట్టుకుని వేలితో మీట నొక్కితే కారు ఉరుకుతుంది. పక్కన గారె అంత స్పాంజి చక్రం, దాన్ని కుడి చేత్తో తిప్పాలి. ముందు ఒక బ్యాటరీ కారు కొన్నదట. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "వాసన... లేదు" అని పక్కన పెట్టేశాడట. వాసన ఉన్న బండి కోసం హైదరాబాద్ దాకా ఎవరెవరినో పట్టుకుని దీన్ని తెప్పించింది.

"గిసొంటియి వంద చేసిన బిడ్డా," అన్నాను. అట్లాంటిదాన్ని చూడడం అదే మొదటిసారి.

పక్క దుకాణంలోంచి లేత్ ఆగింది. "వంద గాదు, నూటొక్కటి," అన్నాడు మా బావ. "నిన్న మధ్యాన్నం నిద్రల ఒకటి చేసిండు."

అమ్మాయి నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. బయ్యారం గుట్ట కథ చెప్పినా నవ్వలేదు. ఆ కథ విని నవ్వని మనిషిని నేను చూడలేదు. అదే నాకు మొదటి దెబ్బ.

వాళ్ళు పోయాక ఇంజను విప్పాను. నిమ్మకాయంత లేదు. ప్లగ్గుకు వైరు లేదు. లోపల సన్నటి తీగ చుట్ట ఉంది. మొదట్లో బ్యాటరీ తగిలించి దాన్ని ఎర్రగా కాలుస్తారు. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేస్తే, మంట మంటకూ పుట్టే వేడితో తీగ తనంతట తానే కాలుతూ ఉంటుంది. ఆయిల్ సీసా మూత తీస్తే గోళ్ళ రంగు వాసన, కింద ఆముదం వాసన. ఇవన్నీ బాగానే ఉన్నాయి. పిస్టన్ బయటికి తీసి చూశాను. మంట బలం పక్కలకు జారకుండా ఆపే రింగులు లేవు! మళ్ళీ పెట్టి చూస్తే, పిస్టన్ పైకి వచ్చినప్పుడల్లా అది ఆడే లైనరు గొట్టం కొసన గట్టిగా ఇరుక్కుంటోంది. ఇంజను చక్రాన్ని బొటనవేలితో తిప్పితే అక్కడ ఆగిపోతుంది.

"బావా, రింగులెయ్యడం మర్చిపోయిండ్రు. లైనరు సుత సన్నగ చేసిండ్రు," అన్నాను.

"దాంతోని ఏమన్న కాయితం వచ్చిందా?" అన్నాడు.

వచ్చింది. ఇంగ్లీషులో, బొమ్మలతో, నాలుగు మడతల కాగితం. దాని మీద నా చాయ్ గ్లాసు ఉంది.

ఉస్తాద్ సూత్రం ఉండగా కాగితమెందుకు? లైనరుకు గ్రైండింగ్ పేస్ట్ రాసి, పిస్టన్ పెట్టి, గంటసేపు ఓపికగా అరగదీశాను. ఎంత ఇష్టంగా చేశానంటే, పని చేస్తూ పాట కూడా పాడుకున్నాను. కడిగి బిగిస్తే ఇంజను వెన్నలా తిరిగింది. తాడు మూడోసారి లాగగానే లేచింది. సన్నటి కూత, నీలం పొగ, దుకాణమంతా ఆముదం వాసన. మా బావ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

మా దుకాణాల వెనక మూతబడ్డ జిన్నింగు మిల్లు ఒకటుంది. దాని ముందు పత్తి ఆరబోసే పెద్ద సిమెంటు కల్లం. మర్నాడు ఆయన్ను అక్కడికి తీసుకొచ్చారు. పొగ ముక్కుకు తగలగానే ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా ఒక ఊపిరి పీల్చాడు. కూతురు రిమోటు ఎడమ చేతికిచ్చి, కుడి పిడికిలిని తీసుకెళ్ళి చక్రం మీద ఆనించింది. కారు ముందుకు దూకింది. ఎడమకు తిరగడం తేలిక, పిడికిలి బరువుకే చక్రం అటు ఒరుగుతోంది. కుడికి తిరగాలంటే మణికట్టు పైకి లేవాలి. ఆయన పెదవులు బిగించాడు. నుదుటి మీద చెమట పోసింది. మణికట్టు గింజంత కదిలింది. కారు ముందు టైరు కుడివైపు ఇలా మొగ్గింది.

ఇంజను ఆగిపోయింది.

చల్లారాక మళ్ళీ లేచింది. రెండు నిమిషాలు బాగా నడిచింది, వేడెక్కగానే మళ్ళీ ఆగింది. సరిగ్గా ఆయన కుడి చెయ్యి లేవబోయే సమయానికి. ఇంజనుకు ఆయిల్ ఎంత పోవాలో చూసే సూదిమరను అరచుట్టు వదిలాను. బిగించాను. ప్లగ్గు మార్చాను. ట్యాంకు మూత దగ్గర గాలి పోతుందేమో చూశాను, పైపు మార్చాను, గాలి జాలీ కడిగాను. ఎన్ని చేసినా అదే వరస. పెద్దాయన నావైపు చూస్తున్నాడు. కూతురు చూస్తోంది. మా బావ చూస్తున్నాడు. నాకు తెలియదని చెప్పాల్సిన చోట నా నోరు ఎప్పటిలాగే కథ ఎత్తుకుంది.

"అన్నా, రిమోటు గంత గట్టిగ పట్టొద్దే. చెయ్యి వణికితే సిగ్నలు ఆగమాగమైతది, ఇంజను బందయితది."

నోటికొచ్చింది అనేశాను. స్ప్రేయర్ బయ్యారం ఎగిరినట్టే ఇదీ ఎగిరిపోతుందనుకున్నాను. ఆయన తల వంచి తన కుడి చేతిని చాలాసేపు చూసుకున్నాడు.

మరో రెండు రోజులు వచ్చాడు. మూడోరోజు చక్రం మీద చెయ్యి పెట్టనేలేదు. నాలుగోరోజు అమ్మాయి ఒక్కతే వచ్చి, డ్యూటీకి పోతూ కారు నా బల్ల మీద పెట్టింది.

"బాపు రానంటుండు కాకా."

"ఎందుకట?"

"ఏం చెప్తలేడు. నువ్వయితే చేసి పెట్టు. ఎప్పుడన్న వస్తడేమో."

వారం గడిచింది. రాలేదు. ఒక కొత్త ప్లగ్గు జేబులో వేసుకుని, అదే వంకగా వాళ్ళింటికి పోయాను. దవాఖాన వెనక రెండు గదుల ఇల్లు. తలుపు తీసే ఉంది. ఆయన కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె కింద పీట మీద కూర్చుని, వేడినీళ్ళ గిన్నెలో తువ్వాల ముంచి పిండుతోంది. పిండినదాన్ని ముందు తన చెంపకు ఆనించి చూసుకుంది. తర్వాత ఆయన పిడికిలికి చుట్టింది.

"కూసో కాకా, కాపడం పెడుతున్న. అయిపోవచ్చింది."

కూర్చున్నాను. నాకు ఆగదు కదా, సలహా ఇచ్చాను. "గంతసేపు ఎందుకు బిడ్డా? జర గట్టిగ గుంజితే వేళ్ళు ఇచ్చుకుంటయి గదా."

"అమ్మో! బలవంతం జేస్తే లోపల తెగుతది. ఎన్నడు పట్టు దొరకది ఇగ. చల్లగున్నప్పుడు బిగుసుడు దాని గుణం కాకా, దాన్నేమనొద్దు. వేడి తగిలితే అదే ఇచ్చుకుంటది. చూడు."

తువ్వాల విప్పింది. ఎర్రబడ్డ వేళ్ళు ఒక్కొక్కటే, మొగ్గ విప్పినట్టు కాదు, తుప్పు పట్టిన తలుపు బందులు కదిలినట్టు మెల్లగా తెరుచుకున్నాయి. ఆమె వాటి మధ్యలో తన వేళ్ళు పోనిచ్చి పట్టుకుంది.

చల్లగున్నప్పుడు బిగుసుడు దాని గుణం. నా కళ్ళ ముందు ఆ నిమ్మకాయంత ఇంజను తిరిగింది. పైకొసన బిగుసుకునే ఆ పిస్టన్, రింగులు లేని ఆ పిస్టన్. వేడెక్కితే లైనరు సాగుతుంది. సాగినప్పుడు సరిగ్గా సరిపోవాలనే చల్లగా ఉన్నప్పుడు బిగువుగా చేశారు. రింగులు చేసే పని ఆ బిగువే చేస్తుంది, అది లేకపోతే వేడెక్కగానే ఇంజను ఆగుతుంది. దాన్ని నేను పాట పాడుకుంటూ అరగదీశాను.

"ఇంకో సంగతి కాకా," అని గొంతు తగ్గించింది. తగ్గించినా ఆయనకు వినపడే ఉంటుంది, గది అంతే ఉంది మరి. "చెయ్యి తువ్వాల కింద దాచుకుంటుండు. ఎందుకు బాపూ అంటే, 'చెయ్యి... బండిని... సంపుతది' అన్నడు. ఎవలు జెప్పిండ్రో ఏమో."

ప్లగ్గు జేబులోనే ఉంది. లేచి వచ్చేశాను.

దుకాణానికొచ్చి చాయ్ గ్లాసు తీసి కాగితం విప్పాను. గ్లాసు అడుగు మరక గుండ్రంగా పడి ఉంది. సరిగ్గా ఆ గుండ్రం మధ్యలో బొమ్మ. పిస్టన్, లైనరు, పక్కన ఒక ఆకురాయి, దాని మీద చెయ్యొద్దన్నట్టు పెద్ద అడ్డగీతలు. నాకు ఇంగ్లీషు రాకపోయినా అడ్డగీతలు వచ్చు. మా బావను పిలిచి చూపించాను. వెక్కిరిస్తాడనుకున్నాను. అతను కళ్ళజోడు పెట్టుకుని, బొమ్మ చూసి, మళ్ళీ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆయనకు చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? కొత్త లైనరు తెప్పిచ్చి బిగించి, బాగైందని చెప్తా."

అమ్మినవాళ్ళకు ఫోను చేశాం. ఆ ఇంజనుకు ముక్కలు ఇక్కడ దొరకవు, బయటిదేశం నుంచి రావాలి, రెండు మూడు నెలలు పట్టొచ్చన్నారు. రెండు మూడు నెలలు! ఆ చేతికి అంత టైము లేదు.

"బావా," అన్నాడతను, "లైనరు సంగతి తర్వాత. ముందు ఆ మనిషి చెయ్యిని ఇడిపియ్యి."

మర్నాడు పొద్దున్నే ఇంజను రుమాలులో కట్టుకుని పోయాను. ఆయన అదే కుర్చీలో, అదే గోడకు ఎదురుగా ఉన్నాడు. చెయ్యి తువ్వాల కింద ఉంది. నేను గోడకూ ఆయనకూ మధ్య నేల మీద కూర్చున్నాను, నన్ను చూడక తప్పకుండా.

"అన్నా, నీ చెయ్యి ఇంజను బంద్ చెయ్యలే. సిగ్నలు లేదు, సింగినాదం లేదు. అంతా నేను జెప్పిన అబద్ధం. ఇంజనును నేనే ఖరాబు జేసిన. దానికుండాల్సిన బిగువును రోగమనుకోని అరగదీసిన. నాకు తెల్వదని చెప్పనీకి సిగ్గయి నీ చెయ్యి మీదికి తోసిన."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. అమ్మాయి గుమ్మంలో నిలబడింది. ఆమె ముఖం నేను చూడలేదు.

ఆయన ఎడమ చెయ్యి చాపాడు. రుమాలు విప్పి ఇంజను అందులో పెట్టాను. బొటనవేలితో ఇంజను చక్రం తిప్పాడు. పైకొసన ఎక్కడా పట్టు లేదు, నీళ్ళలో గరిటె తిప్పినట్టు తిరిగింది. రెండుసార్లు, మూడుసార్లు తిప్పాడు. ఆ తర్వాత ఆయన ముఖంలో ఎడమ సగం మెల్లగా వంకర పోయింది. ఏదో అయిందని భయపడి లేవబోయాను. నవ్వుతున్నాడు.

"దొం...గ," అన్నాడు. "దొంగ... నా..." మూడో మాట ఎంత ప్రయత్నించినా రాలేదు. ఏమిటో నాకు అర్థమైంది. రాకపోవడం నా అదృష్టం.

గుమ్మంలోంచి అమ్మాయి అంది. "ఆ మిగిలిన మాట నేననాల్నా బాపూ?"

నాకు దక్కాల్సిందే. తల వంచుకున్నాను. నవ్వు తగ్గాక ఆయన ఇంజను ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో తన కుడి బొటనవేలి చుట్టూ పిడికిలి పట్టాడు. కొసన గట్టిగా నొక్కాడు. నా కళ్ళలోకి చూశాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చేశాడు. వేలి చుట్టూ పిడికిలి, కొసన నొక్కు.

"రిం...గు. బయట. నొక్కు."

గనిలో అన్నేళ్ళు వర్క్‌షాప్ చుట్టూ తిరిగిన మనిషి. విడిభాగం రాని రోజున బండిని ఎట్లా నడిపించాలో ఆయనకు తెలుసు. లైనరు లోపల అరిగితే, బయటినుంచి ఒక ఉక్కు రింగులో దిగ్గొట్టి పైకొసను వెంట్రుకవాసి నొక్కాలి. పోయిన బిగువు తిరిగొస్తుంది.

రింగు మా బావ చేశాడు. ఆ రోజు లేత్ దగ్గర అతనికి నేను చాయ్ అందించాను, ఇరవై ఏళ్ళలో మొదటిసారి. ఉక్కు ముక్కను తిప్పి, లోపల కంటికి కనిపించనంత వాలు తీశాడు. లైనరుకు నూనె రాసి, రింగులో పెట్టి, బేరింగులు దిగ్గొట్టే ప్రెస్సు కింద నొక్కాడు. పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ప్రతిసారీ పిస్టన్ పెట్టి ఆయన ఎడమ బొటనవేలికి అందించాం.

"ఇంకా."

మా బావ మళ్ళీ నొక్కాడు. ఒక నొక్కు ఎక్కువైతే లైనరు పగులుతుంది, ఇంకొకటి లేదు. పెద్దాయన తిప్పి చూశాడు.

"ఇం...కా."

మూడోసారి తిప్పితే పిస్టన్ పైకొసన టక్కున ఆగింది. ఆయన కొంచెం బలం పెట్టాడు. కదల్లేదు.

"సాలు," అన్నాడు. నేను ఎన్నో సర్టిఫికెట్లు గోడకు వేలాడదీసిన దుకాణాలు చూశాను. మా బావ ముఖం ఆ రోజు వెలిగినట్టు ఏదీ వెలగలేదు.

ఇప్పుడు తాడు లాగితే మొదటిరోజులాగే కదల్లేదు. ఈసారి నాకు మందు తెలుసు. ఎదురుగా బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

"అవ్వా, జర నీ పెట్టె ఇయ్యవే. ఇంజనుకు కాపడం పెట్టాలె."

"ఏంది కొడుకా, దానికి సుత ముడతలు పడ్డయా?" అంటూనే ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, వెనకాలే వచ్చింది.

మిల్లు ముందు కల్లంలో కారు పెట్టి, ఇస్త్రీ పెట్టెను ఇంజను పక్కకు జరిపాను. ఎంత వేడి చాలునో నాకు తెలియదు. ఈసారి ఆ మాట పైకే అన్నాను. "నాకు తెల్వదు బిడ్డా, నువ్వే చూడు."

డ్యూటీ నుంచి నేరుగా వచ్చిందేమో, తెల్లబట్టల్లోనే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, ఇంజను తలకు తన చెంప ఆనించింది. కాసేపు అట్లాగే ఉంది. "సరిపోతది," అని లేచింది. చెంప మీద నల్లటి మసి. ఎవరూ చెప్పలేదు.

తాడు లాగాను. ఒక్క గుంజుకే లేచింది. సూది బాగా వదిలి పెట్టాను, ఆయిల్ ఎక్కువ తాగనిచ్చాను. దట్టంగా పొగ, బరువుగా గొంతు. కొంతసేపు అట్లా నడవనిచ్చి, వేడి మితిమీరిందేమో చూడడానికి ఇంజను తల మీద ఒక నీటిచుక్క వేశాను. చుర్రుమని ఎగిరిపోలేదు, నిమ్మళంగా ఆవిరైంది. సూది సన్నంగా బిగించాను. కూత నిలబడింది. రెండు నిమిషాలు దాటాయి. మూడు దాటాయి. మా బావ గడియారం చూస్తున్నాడు, నేను అతని ముఖం చూస్తున్నాను. ఇంజను ఆగలేదు.

ఈలోగా అమ్మాయి అదే ఇస్త్రీ పెట్టె మీద తువ్వాల కాచి కాపడం పెట్టి, ఆయన చేతిని చక్రం మీద ఉంచింది. వేళ్ళు స్పాంజిని సగం పట్టుకున్నాయి. కారు ఎడమకు ఒక పెద్ద చుట్టు తిరిగింది. మళ్ళీ ఒక చుట్టు. కల్లం చివర మిల్లు గోడ ఉంది. కారు తిన్నగా దానివైపు పోతోంది. ఎడమకు తిప్పితే తప్పించుకోవచ్చు. ఆయన తిప్పలేదు.

"బాపూ, గోడ!"

మణికట్టు లేచింది. ఎంతంటే, గాజు ఒకటి పైకి జరుపుకున్నంత. కారు గోడకు జానెడు దూరంలో కుడివైపు తిరిగి, ఎర్రటి దుమ్ము లేపుకుంటూ మా ముందు నుంచే పోయింది. అవ్వ చప్పట్లు కొట్టింది. మా బావ ముక్కు చీదుకుని, పొగ ఎక్కువైందన్నాడు. కారు ఇంకో కుడి మలుపు తిరిగింది, ఇంకొకటి. ప్రతి మలుపూ వంకరే. వంద టన్నుల బండిని గుట్ట అంచున తిప్పినవాడికి అవి ఎట్లా కనిపించాయో గానీ, నేను అంతకంటే అందమైన మలుపు ఇప్పటిదాకా చూడలేదు.

ఆ తర్వాత ఆయన చెయ్యి సగం వచ్చింది, సగం రాలేదు. డంపర్ మళ్ళీ ఎక్కలేదు. చాయ్ గ్లాసు పట్టుకుంటాడు, చొక్కా గుండీ పెట్టుకుంటాడు, నేను ఫోను చేస్తే కుడి చేత్తోనే ఎత్తి నన్ను ఆ మూడు మాటల్తో పలకరిస్తాడు. ఇప్పుడు మూడోది కూడా స్పష్టంగానే వస్తోంది. ఆ రింగు మా బావ దగ్గర గోడకు మేకుకు వేలాడుతోంది. అదేమిటని అడిగినవాళ్ళకు నా కథలన్నింటికంటే పెద్ద కథ చెబుతాడట.

నేను మాత్రం ఆ రోజును ఒక్కచోటే ఆపుకుంటాను. నాలుగో కుడి మలుపు తిరిగి, కల్లం మధ్యలోకి వచ్చి, కారు గొంతు సన్నబడి, దగ్గి, ఆగిపోయింది. పెద్దాయన చక్రం మీద ఉన్న తన చేతివైపు చూశాడు. నేను దుమ్ములో పరుగెత్తి పోయి ట్యాంకు మూత తీసి చూసి, అక్కణ్ణుంచే అరిచాను.

"అన్నా! ఆయిల్ అయిపోయిందే! నీ చెయ్యి గాదు!"

ఆయన తల ఎత్తాడు. ముఖంలో ఎడమ సగం నవ్వింది.

"తె...లుసు," అన్నాడు. "నిం...పు."